తిత్తిలో అయిదొందలు

(విశాఖ ఎంవీపీ కాలనీ. ఆదివారం పొద్దున్న. ఆవిడ రైతుబజారుకి బయల్దేరుతూ పర్సు బోర్లించింది. రెండు రూపాయి బిళ్లలు, ఒక పిన్నీసు, పాత బస్సు టిక్కెట్టు రాలాయి.)

ఆవిడ: ఏవండీ, ఇందులో అయిదొందల నోటుండాలి. ఏటయిపోయింది?

ఆయన: (పేపరు చాటునుంచి) అసలు పర్సంటే ఏంటో తెలుసా? గ్రీకులో ‘బుర్సా’. ఒలిచిన తోలు. లాటిన్‌లోకెళ్లి సంచయింది, ఇంగ్లీషుకొచ్చి పర్సయింది.

ఆవిడ: నేనడిగింది నోటు సంగతి.

ఆయన: వస్తున్నా. మన తిత్తీ తోలుసంచే కదా! డబ్బులేస్తే తిత్తి, కొలిమి దగ్గర గాలి ఊదితే తిత్తి, గుండెకటూ ఇటూ ఊపిరితిత్తులు...

ఆవిడ: మా తమ్ముణ్ని నాన్న ‘నీ తిత్తి తీస్తా’ అనేవాడు. అదీ ఇదేనా?

ఆయన: అదే! తోలు ఒలుస్తానని. గ్రీకువాడికీ మీ నాన్నకీ ఒకటే బుర్ర.

ఆవిడ: మా నాన్న జోలికి రాకండి. ఇంటి బడ్జెట్టు అమ్మ చేతికిచ్చాక మళ్లీ అందులో చెయ్యి పెట్టలేదాయన.

ఆయన: బడ్జెట్టూ తోలుసంచే! ఫ్రెంచివాళ్ల ‘బూజెత్’. 2019లో నిర్మలా సీతారామన్ తోలుపెట్టె మానేసి ఎర్రగుడ్డలో కాగితాలు తెచ్చారా? మాటకి మాత్రం తోలు వదల్లేదు.

ఆవిడ: మా అమ్మమ్మదీ గుడ్డే. ఆకువక్కల సంచి. ఓ అరలో వక్కలు, ఓ అరలో సున్నం కాయ, అట్టడుగున సున్నం మరకల నోట్లు. రొండిన దోపిందంటే యముడికీ అందదు. నాకేమో జేబులున్న మొగుడు దొరికాడు.

ఆయన: జేబు! అరబ్బీలో ‘జైబ్’, అంగీ మెడ దగ్గర చీలిక. మన లెక్కల ‘జ్యా’ని, అంటే వింటినారిని, ‘జీవ’ అని కూడా అనేవారు. దాన్ని అరబ్బులు ‘జీబ’ అని రాసుకున్నారు. వాళ్లు పొట్టి అచ్చులు రాయరుగా, తర్వాతివాళ్లు ‘జైబ్’ అని చదివి, లాటిన్‌లో బట్ట మడతకున్న మాట ‘సైనస్’ పెట్టేశారు. పదో తరగతి సైన్ థీటా జేబులోంచే ఊడిపడింది!

ఆవిడ: నా అయిదొందలు ఏ జేబులో పడ్డాయో అది చెప్పండి.

(ఆయన పేజీ తిప్పాడు. అది క్రీడల పేజీ. ఆయన క్రీడలు చదవడు.)

ఆవిడ: సరే గానీ, పోయిన నెల మందుల బిల్లులు పెట్టారే, ఆ రీయింబర్స్‌మెంటో?

ఆయన: (పేపరు దించి, హుషారుగా) ఆహా! అదీ బుర్సాయే. ‘రీ’ అంటే తిరిగి. తీసిన డబ్బు తిరిగి సంచిలో పెట్టడం!

ఆవిడ: (పర్సు నోరు తెరిచి పట్టుకుని) పెట్టండి.

(ఆయన జేబు తడిమాడు. నిన్న బీచిలో తిన్న ముంతమసాలా కాగితం, మూడు నిమ్మగింజలు.)

ఆయన: ఆరుగురం వెళ్లాం. బజ్జీలు కూడా... అందర్లో పెద్దవాణ్ని కదా...

ఆవిడ: షుగరు పెట్టుకుని బజ్జీలా! ఇందాక తిత్తి తీయడమంటే ఏంటన్నారు?