సవరణ: ఏ అప్పు ముందు తీర్చాలన్న లెక్క గురించి

ఇంటి ఖర్చులు, అన్ని వాయిదాలు పోగా నెలాఖరున మిగిలే కొద్దిపాటి సొమ్మును ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకే ముందుగా జమ చేయాలని ఇంతకుముందు రాశాను. ఆ సలహా అలాగే ఉంది. అయితే ఏ వడ్డీ ఎక్కువో తేల్చుకునే లెక్కను అక్కడ వివరించలేదు.

ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. అదే బ్యాంకు 14 శాతం వడ్డీ అంటే అది ఏడాది మొత్తానికి. కాబట్టి ముందు తీర్చవలసింది నోటు అప్పే.

ఫ్లాట్ రేటు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. లక్ష రూపాయలు 12 శాతం ఫ్లాట్ వడ్డీకి తీసుకుని, నెలకు సుమారు 9,333 రూపాయల చొప్పున ఏడాదిలో తీరిస్తే, అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీని మాత్రం మొదటి లక్ష మీదే లెక్కగట్టారు కనుక, నిజంగా పడే భారం 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు కొత్త వ్యక్తిగత రుణాలకు ఇవ్వవలసిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో, అంటే రుణం ముఖ్య వివరాల పత్రంలో, వడ్డీతో పాటు ఫీజులనూ కలిపి లెక్కగట్టిన ఏపీఆర్ అనే వార్షిక రేటు ఉంటుంది. పోల్చవలసింది ఆ అంకెనే.

బంగారం తాకట్టు అప్పుకు మాత్రం ఈ వరుస వర్తించదు. వడ్డీ తక్కువైనా గడువు దాటితే నగలు వేలానికి వెళ్లే ప్రమాదం ఉన్నందున, ఆ తేదీకి ముందే దాని వడ్డీ కట్టి తిరగరాయించుకోవడానికి కావలసిన సొమ్మును వేరుగా తీసి ఉంచాలి.