వియత్నాంలో వెనక సీటు విక్రమార్కుడు

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. బైకు యాత్ర చేయాలంటే బైకు నడపాల్సిన అవసరం లేదు. ఈ మాట వినగానే మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం పొద్దున్నే బుల్లెట్లు తుడుచుకునే మిత్రులు పగలబడి నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. వాళ్ళలో ఒక్కడైనా వియత్నాం నడిమధ్యన హ్యూ నుంచి హోయి ఆన్ దాకా, దాదాపు 130 కిలోమీటర్లు, హై వాన్ కనుమ ఎక్కి దిగి, ముక్కూ మొహం తెలియని మనిషి నడుము పట్టుకుని వెళ్ళాడా? నేను వెళ్ళాను. కాబట్టి ఈ విషయం మీద సాధికారికంగా మాట్లాడగలిగేది ప్రస్తుతానికి మా బ్లాకులో నేనొక్కణ్ణే.

అసలు నడుపుదామనే బయలుదేరానండీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా హైదరాబాద్ ట్రాఫిక్‌లో నలిగినవాణ్ణి, అమీర్‌పేటలో మోకాటి లోతు వాన నీళ్ళలోంచి సైలెన్సర్ మునగకుండా బండి బయటికి తీసినవాణ్ణి, నాకు వియత్నాం ఒక లెక్కా. ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకున్నాను, పాస్‌పోర్టు పక్కన బీరువాలో పెట్టాను, రెండుసార్లు తీసి చూసి మురిసిపోయాను కూడా. తీరా ప్రయాణం నాలుగు రోజులుందనగా తెలిసిందేమిటంటే, మన దేశం ఇచ్చే పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం వాళ్ళు ఒప్పుకునేది 1968 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చినది. పోలీసు ఆపితే జరిమానా కట్టి బయటపడొచ్చు. కింద పడితే మాత్రం ఇన్సూరెన్స్ వాళ్ళు కాలు విరిగిందా అని అడగరు, చెల్లే లైసెన్సు ఉందా అని అడుగుతారు. 50 సీసీ లోపు బండికి లైసెన్సు అక్కర్లేదట, నిజమే, కానీ నా బరువుతో 50 సీసీ బండిని కనుమ ఎక్కించడం మూగజీవాల హింస కిందికి వస్తుంది. అలా నా సాహసం జెనీవాకీ వియన్నాకీ మధ్య ఇరుక్కుపోయింది.

పరిష్కారం మా ఆవిడ కనిపెట్టింది. "గైడే నడుపుతాడట, మనం వెనక కూర్చోవచ్చట. మీకో బండి, నాకో బండి."

"వెనకా? నేనా?"

"నేను పాతికేళ్ళుగా కూర్చోవట్లేదూ?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోవడం వల్ల డబ్బు కట్టేశాం.

ఇలా బండి మీద జనాన్ని ఎక్కించుకుని ఊళ్ళు చూపించే గైడ్లని అక్కడ ఈజీ రైడర్లు అంటారు. 1990లలో దా లాట్ అనే కొండ ఊరిలో మొదలై దేశమంతా పాకింది ఈ పని. ఇందులో ఈజీ ఎవరికి అనేది మొదటి పది నిమిషాల్లోనే తెలుస్తుంది. మా ఇద్దరికీ ఇద్దరు గైడ్లు వచ్చారు, నా వాటాకి వచ్చినాయన సన్నగా, ఎండు కొబ్బరిచిప్పలా గట్టిగా ఉన్నాడు. వచ్చీ రాగానే నా సూట్‌కేసుని ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, ట్యూబు కోసి చేసిన రబ్బరు పట్టీలతో, మా ఊళ్ళో గడ్డిమోపు కట్టినట్టు, రెండు లాగుళ్ళు ఒక ముడి, వెనక క్యారియర్ మీద బిగించేశాడు. చేత్తో కదిపి చూశాడు, కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి పైనుంచి కిందిదాకా అదే చూపు చూశాడు, దీన్ని ఎక్కడ కట్టాలా అన్నట్టు.

బండి ఎక్కకముందే నా వయసు అడిగాడు. కోపం తెచ్చుకోకండి, అక్కడది మర్యాదే. వయసు తెలియకపోతే వాళ్ళకి మాటే మొదలవదు, ఎందుకంటే నువ్వు, మీరు అనే చోట వాళ్ళవన్నీ వరసలే. పెద్దవాడైతే 'అన్', అంటే అన్నే, మనదానికి ఒక్క అక్షరం తక్కువ. చిన్నవాడైతే 'ఎమ్'. బాబాయి వయసువాడైతే 'చూ'. మన ఆర్టీసీ బస్సులో కండక్టరు "బాబాయ్, కాస్త జరుగు" అంటాడు చూడండి, సరిగ్గా అదే పద్ధతి, కాకపోతే వాళ్ళు ఆధారాలు అడుగుతారు. నాకు 52, ఆయనకి 61. తమ్ముడి కింద తేల్చేశాడు. అవతల మా ఆవిడ తన గైడుని అప్పటికే అన్నయ్యని చేసేసి, పిల్లలెందరు, పెద్దమ్మాయికి పెళ్ళయిందా దాకా వెళ్ళిపోయింది, ఏ భాషలో మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇక అసలు విషయం. మోటార్‌సైకిల్ టాక్సీని వియత్నాంలో 'సే ఓమ్' అంటారని పెద్దాయన దారిలో చెప్పాడు. ఓం అని వినగానే నాకు కొంచెం భక్తి కలిగింది. 'సే' అంటే బండి, 'ఓమ్' అంటే కౌగిలించుకోవడం అని చెప్పాక పోయింది. కౌగిలింత బండి! మన మగాళ్ళ సంగతి మీకు తెలుసు, కన్నతండ్రిని కౌగిలించుకోవాలన్నా విమానాశ్రయం దాకా వెళ్ళాల్సిన జాతి మనది. అందుకని నేను గౌరవంగా రెండు చేతులూ వెనక కడ్డీ మీద పెట్టుకుని, పెళ్ళి వేదిక మీద కుర్చీలో కూర్చున్న పెద్దమనిషిలా కూర్చున్నాను. ఎదురుగా సిమెంటు లారీ వచ్చింది. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపున పోతాయి, ఆ విషయం బుర్రకి తెలుసు గానీ ఒంటికి తెలియదు, నా లెక్కలో ఆ లారీ తిన్నగా మా మీదికే వస్తోంది. కుడికాలు లేని బ్రేకుని తొక్కేసింది. చేతులు ఎప్పుడు ముందుకెళ్ళాయో తెలియదు. లారీ వెళ్ళిపోయాక చూసుకుంటే, పెద్దాయన పొట్ట చుట్టూ నా పది వేళ్ళూ అల్లుకుని ఉన్నాయి. ఆయన ఒక చేత్తో నా చేతిని తట్టాడు. ఆ తట్టడంలో జాలి ఉంది.

ఇక్కడ నేను వినయంగా ప్రతిపాదించేది ఏమిటంటే, పెళ్ళయిన ప్రతి మగాడికీ ఏడాదికి ఒక రోజు వెనక సీటు తప్పనిసరి చేయాలి, కావాలంటే లైసెన్సు రెన్యువల్‌కి ముడిపెట్టండి. మలుపులో బండి ఎటు వాలితే అటు వాలాలని, ఎదురు వాలితే నడిపేవాడు తిట్టుకుంటాడని, గుంత వచ్చే ముందు ఎవడూ చెప్పడని, చెప్పకపోగా "సరిగ్గా కూర్చోవచ్చుగా" అంటాడని, ఇవన్నీ పుస్తకాల్లో దొరికేవి కావు. మా ఆవిడ మాత్రం పక్క బండి మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, సోఫాలో కూర్చున్నట్టు కూర్చుని, మబ్బులు చూసుకుంటూ వెళ్ళిపోయింది. పాతికేళ్ళ సర్వీసు మరి. ఇన్నాళ్ళూ మేం వెళ్ళిన ప్రతి ఊరి నుంచీ తను ఏదో ఒకటి చూసొచ్చేది, చెరువులో కలువలనీ, ఎవరి వాకిట్లోనో పెద్ద ముగ్గనీ, నేనేమో ముందు లారీ నంబరు ప్లేటు చూసొచ్చేవాణ్ణి. దీన్ని నేను ఆమె ఏకాగ్రత లోపం కింద జమకట్టాను ఇన్నేళ్ళూ.

ప్యాకేజీలో రాసింది 'నిజమైన వియత్నాం' అని. నిజమైన వియత్నాం మొదటి మజిలీ తుయ్ సువాన్, హ్యూ పొలిమేరలో ఊదుబత్తుల ఊరు. ఎర్రవి, పసుపువి, ఊదావి, కట్టలు కట్టలుగా పువ్వుల్లా విచ్చి నిలబెట్టారు, మధ్యలో కూర్చుని ఫొటో దిగాలి. నెత్తిన పెట్టుకోవడానికి శంఖు ఆకారం ఆకు టోపీ వాళ్ళే ఇస్తారు. నాకు నవ్వొచ్చింది ఎందుకంటే, మన పూజగదుల్లో వెలిగే బత్తీల్లో బోలెడన్ని వియత్నాం నుంచే దిగుమతి అయ్యేవి, మరీ ఎక్కువైపోతున్నాయని 2019లో మన ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అవి మన ఇంటికి రాకుండా ఆపేశాం కాబట్టి, మనమే విమానం ఎక్కి వాటి ఇంటికి వెళ్ళి, వాటితో ఫొటో దిగి, ఆ ఫొటోకి డబ్బిచ్చి వస్తున్నాం.

అక్కణ్ణించి పల్లెల మీదుగా, చేలూ సమాధులూ దాటుకుని, లాప్ ఆన్ అనే ఉప్పునీటి కయ్య దగ్గర ఆగాం. పాత బండ్ల టైర్లు నీళ్ళలో వేలాడదీసి వాటి మీద ఆల్చిప్పలు పెంచేవాళ్ళట ఇక్కడ. నీళ్ళు పాడవుతున్నాయని ఆ టైర్లు తీయించే పని పెట్టుకుంది ప్రభుత్వం. 7 కోట్లకు పైగా మోటార్‌సైకిళ్ళున్న దేశంలో టైర్లకి మాత్రం కరువా. రోడ్డు మీద అరిగిపోయిన టైరు చివరికి సముద్రం ఒడ్డున ఆల్చిప్పని సాకుతూ వానప్రస్థం గడపడం నాకైతే బాగానే తోచింది గానీ, ఆల్చిప్ప తినమంటే మా ఆవిడ మొహం చూసి మానుకున్నాను. మేం శాకాహారులం. 'చాయ్' అనే మాట గుర్తుపెట్టుకోండి, టీ కాదు, శాకాహారం అని అర్థం. చాంద్రమాసం మొదటి రోజునా, పున్నమి నాడూ చాలామంది బౌద్ధులు చాయ్ భోజనమే చేస్తారు, ఆ రోజుల్లో మనకి పండగ. మిగతా రోజుల్లో చేపల రసం పడని గిన్నె కోసం వెతుక్కోవాలి. మా బ్యాగులో కందిపొడి ఉందనుకోండి, రబ్బరు పట్టీల కింద.

లాంగ్ కో దగ్గర సముద్రం పక్కన పెద్దాయన బండి ఆపి స్టాండు వేశాడు. దిగి, నన్ను ముందుకి జరిగి కూర్చోమన్నాడు. హ్యాండిల్ పట్టుకోమన్నాడు. గడ్డం పైకెత్తమన్నాడు. వెనక సముద్రం వచ్చేలా పదిహేను ఫొటోలు తీశాడు, రెండు మోకాళ్ళ మీద కూర్చుని మరీ. ఎంత అనుభవం! నా లాంటి వీరుల్ని ఎంతమందిని తయారు చేసి పంపాడో ఈ మనిషి. ఇంజిన్ ఆపి ఉంది. తాళం ఆయన జేబులో ఉంది.

ఆ తర్వాత హై వాన్. ఇరవై ఒక్క కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, పైన దాదాపు 500 మీటర్ల ఎత్తు, ఒక పక్క అడవి, ఒక పక్క సముద్రం, కింద కొండ అంచునే రైలు పట్టాలు. 2008లో ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం వాళ్ళొచ్చి ఈ రోడ్డుని ఆకాశానికెత్తేశారు, అప్పట్నించీ ప్రపంచం మొత్తానికీ దీని మీద బండి తోలాల్సిందే. కొండ కింద 2005లో ఆరు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తెరిచారు, కార్లూ బస్సులూ అందులోంచి పదినిమిషాల్లో అవతల తేలతాయి. బైకులకి అందులో ప్రవేశం లేదు. కాబట్టి పైన మిగిలింది ఎవరయ్యా అంటే సొరంగంలోకి రానివ్వని పెట్రోలు ట్యాంకర్లూ, మేమూ. ఈ రెండు రకాలకీ తేడా ఏమిటంటే, ట్యాంకరు వాడు తప్పనిసరై వస్తాడు.

హై వాన్ అంటే సముద్రపు మబ్బు అని అర్థం. పేరు పెట్టినవాడు అబద్ధం ఆడలేదు. మేం వెళ్ళింది సంక్రాంతి సెలవుల్లో, ఆ నెలల్లో ఈశాన్యం నుంచి వచ్చే చల్లని తేమగాలి ఈ కొండకి కొట్టుకుని హ్యూ వైపే ఆగిపోతుంది. నాలుగు మలుపులు ఎక్కగానే సముద్రం మాయం. ఇంకో రెండు ఎక్కేసరికి అడవి మాయం. చివరికి పెద్దాయన హెల్మెట్ వెనక అంటించిన స్టిక్కరు ఒక్కటే కనిపించింది, ప్రపంచంలోకెల్లా అందమైన సముద్రపు రోడ్డు మీద ఒక గంటసేపు నేను చూసిన దృశ్యం అదే. ఎర్ర పువ్వు. ఒక రేక చిరిగిపోయింది.

కనుమ నెత్తిన కోట ద్వారం ఉంది, 1826లో మిన్ మాంగ్ చక్రవర్తి కట్టించింది. దాని మీద 'లోకంలో కెల్లా గొప్ప కనుమ ద్వారం' అని చెక్కారు, కానీ హ్యూ నుంచి ఎక్కినవాడికి అది కనిపించదు, అప్పటి రాజధాని హ్యూ వైపు పేరు మాత్రమే రాసి, బడాయంతా అవతల దనాంగ్ నగరం వైపు పెట్టారు. ఎవరికి ఏం చూపించాలో తెలిసిన రాజు. ఇంతకీ ఈ కొండకి దక్షిణాన ఒకప్పుడు చంపా రాజ్యం, సంస్కృత శాసనాలు వేయించుకున్న శైవులు. భద్రవర్మ, ఇంద్రవర్మ, ఆ రాజుల పేర్లు వింటుంటే భీమవరంలో పెళ్ళి శుభలేఖ చదువుతున్నట్టే ఉంటుంది. 1306లో వాళ్ళ రాజొకడు ఉత్తరాన ఉన్న వియత్నాం రాజ్యపు రాకుమారిని పెళ్ళి చేసుకుని, ఓలి కింద ఈ కనుమకి ఉత్తరాన ఉన్న రెండు సీమలు రాసిచ్చేశాడు. పెళ్ళయిన ఏడాదికే పోయాడు పాపం. నేను ఎక్కివచ్చిన రోడ్డు ఆ ఓలి కిందిదేనన్నమాట. దక్షిణాన క్వాంగ్ నామ్‌లో 1911లో దొరికిన కంచు బుద్ధుడిలో మన అమరావతి శైలి కనిపిస్తుందని పండితుల మాట. అంటే మనవాళ్ళ పనితనం ఎన్నో వందల ఏళ్ళ కిందటే పర్మిట్ లేకుండా ఇక్కడికి వచ్చేసింది, జెనీవా గొడవ లేదు, వియన్నా గొడవ లేదు.

పైన కొట్లో కాఫీ తాగాం. గ్లాసు మీద చిన్న అల్యూమినియం గిన్నె, అందులోంచి చుక్కా చుక్కా నల్లటి డికాక్షన్, అడుగున డబ్బాపాలు. యాభై వేలు అంది కొట్టావిడ. నేను ఐదు లక్షల నోటు తీసిచ్చాను. జీవితంలో ఒక్కసారైనా కాఫీకి ఐదు లక్షలు తీసిన దర్జా అనుభవించాలి, మన డబ్బుల్లో అది రెండు వేలు కూడా కాదని పక్కనుంచి గుర్తుచేసే మనిషి లేకపోతే ఇంకా బాగుంటుంది.

దిగుతుంటే మబ్బు తెగింది. అంతే, తెర లాగేసినట్టు ఒక్కసారిగా ఎండ, కింద నీలం, దూరంగా దనాంగ్ తెల్లగా వంపు తిరిగి. నిజం చెప్పొద్దూ, అప్పుడు నేను మాట్లాడలేదు. నంబరు ప్లేట్లేవీ చూడాల్సిన పని లేకపోవడం వల్ల మొత్తం చూశాను, మలుపు మలుపుకీ పడవలెన్నో లెక్కపెట్టాను. చేతులు పెద్దాయన పొట్ట చుట్టూనే ఉన్నాయి, అప్పటికి లారీలేవీ రావట్లేదు కూడా.

హోటల్ గదికి చేరగానే లాంగ్ కో ఫొటోలు ఏరి, ఒకటి బాగా రంగులద్ది, 'సోలో రైడ్, హై వాన్ పాస్' అని రాసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాల్లో ముప్పై దండాలు. మూడో నిమిషంలో మా ఆవిడ తన బండి మీద నుంచి తీసిన వీడియో పెట్టింది, సిమెంటు లారీ దాటిన చోట తీసినది. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత మా బావ రాశాడు: "పెద్దాయన చాలా బాగా నడుపుతున్నాడు. వెనక ఆ భయపడుతున్నదెవరు?"