జన్యువులకేనా పేరంతా?

మనిషి ఆకలినీ మనసునీ ఎవరు నడుపుతున్నారనే విషయంలో శాస్త్రవేత్తలు ఒడిశాలోని మా బరంపురం వాళ్ళకి తీరని అన్యాయం చేశారు.

1994లో లెప్టిన్ దొరికింది. ఒంట్లో కొవ్వు సరిపడా ఉందని మెదడుకి కబురు పెట్టే హార్మోన్. 1999లో దొరికిన గ్రెలిన్, కడుపు ఖాళీ అయితే గోల పెడుతుంది. 2007లో ఎఫ్‌టీవో అనే జన్యువుకీ ఒళ్ళు రావడానికీ లంకె కనిపెట్టారు. తిండి మానేసి ఎముకల గూడైపోయే అనొరెక్సియా జబ్బులో వంశం వాటా సగం పైచిలుకేనని కవలల మీద అధ్యయనాలు తేల్చాయి. బాగానే ఉంది. మరి మిగతా వాటా ఎవరిది? అందులో మా పెద్దమ్మల కష్టం లేదా?

మొన్నామధ్య ఓ పెళ్ళి బంతిలో కళ్ళారా చూశాను. ఇంటర్ చదివే పిల్ల ఆకులో రెండో పూరీ పడిందో లేదో, వాళ్ళ పెద్దమ్మ అందుకుంది: "ఏమే, ఇంత లావెక్కిపోయావ్? రేపు సంబంధాలెలా చూస్తారే?" పిల్ల పూరీని ఆకు చివరికి నెట్టి, దాని మీద కూర కప్పెట్టింది. మజ్జిగ వచ్చేసరికి మళ్ళీ ఆవిడే: "అన్నీ వదిలేశావేం? అన్నమంటే లెక్కలేదా?" ఎదుటి వరసలోంచి పక్కింటి మావుసి, అంటే ఒడియా పిన్నిగారు, ఇవే రెండు ముక్కలు ఒడియాలో వడ్డించింది. ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు దాటి ఆంధ్రాలోకి వెళ్తే ఒక్క భాషలోనే దెప్పుతారు పాపం.

పెద్దాళ్ళనీ తప్పు పట్టలేం లెండి. 1866 కరువు చూసిన మా గంజాం జిల్లా ఇది, ఆకులో మెతుకు వదిలితే ఒళ్ళు మండుతుంది. లావైతే ఎందుకు మండుతుందో మాత్రం నాకు అంతుపట్టలేదు. జూన్‌లో రొజో పండక్కి ఆడపిల్లల్ని మూడు రోజులు ఊయలెక్కించి పొడొపిఠా అనే కాల్చిన తీపి రొట్టె తినిపిస్తారు. నాలుగోనాడు పొద్దున్నే "బాగానే లాగించావే" అని లెక్క చెబుతారు.

ఈ టెన్షన్ నెలల తరబడి సాగితే కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి కొందరికి తీపి మీదికీ వేపుళ్ళ మీదికీ మనసు పోతుంది, కొందరికి ముద్దే దిగదు. నిద్ర చాలకపోతే గ్రెలిన్ కూడా రెచ్చిపోతుంది. మావాళ్ళు ఇంత దూరం వెళ్ళరు. "పొగరు", "ఫోను", "దిష్టి": టీ చల్లారేలోపు తేల్చేస్తారు. థైరాయిడ్ మందగించినా ఒళ్ళు వస్తుంది, మనసు దిగులుగా ఉంటుంది, దానికి రక్తపరీక్ష ఉంది. కానీ గుప్పెడు ఎండుమిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేయడం చవక. ఘాటు రాకపోతే దిష్టి ఖాయం. వస్తే పొగరు.

టెలి మానస్ అని 2022లో కేంద్రం పెట్టింది, 14416కి ఫోన్ చేస్తే మనసు బాధ తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా వింటారు. ఆ నంబరు శుభలేఖల వెనక అచ్చేయిద్దామని ప్రెస్సాయన్ని అడిగాను. "చోటెక్కడిది సార్? పెద్దమ్మల పేర్లే పట్టట్లేదు" అన్నాడు.