తాత్కాలిక పళ్ళు

హైదరాబాదు కోకాపేటలో బిల్డింగులు కట్టే సైట్ల పక్కన రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలకు పళ్ళు పుచ్చిపోతున్నాయని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో మెత్తమనసువాడు పోస్టు పెట్టాడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్‌ల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలట. ముందుపళ్ళు నల్లబడి చిగుళ్ళ దాకా అరిగిపోయాయట. దీన్ని సమస్య అనడం ఎంత తొందరపాటో చెప్పాల్సిన భారం నా మీద పడింది.

ఒకటి, అవి పాలపళ్ళు. ఉన్నవే 20, ఎలాగూ ఊడిపోతాయి. రెండు, వాళ్ళు వలస కూలీలు. ఎలాగూ వెళ్ళిపోతారు. వెళ్ళిపోయేవాళ్ళ నోట్లో ఊడిపోయే పళ్ళకు వైద్యమంటే, అద్దె ఇంటికి సొంత డబ్బుతో సున్నం కొట్టించమన్నట్టే కదా.

పళ్ళ డాక్టర్లు దీనికి ఒప్పుకోరు. పాల దవడ పళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉంటాయంటారు, కింద నుంచి రాబోయే పళ్ళకు అవే చోటు కాస్తాయంటారు. ఆరో ఏట, ఏ పన్నూ ఊడకుండానే, చివర్న ఇంకో దవడ పన్ను చడీచప్పుడు లేకుండా మొలుస్తుందట. అది జన్మంతా ఉండాల్సింది. ఇంట్లోవాళ్ళు దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారట. కావచ్చు. కానీ చప్పుడు చేయకుండా వెనకాల వచ్చి కూర్చున్నవాళ్ళను ఈ ఊళ్ళో ఎవరు శాశ్వత నివాసులంటారు?

మరి మీ బావమరిది సంగతేమిటని అడుగుతారు. డాలస్ నుంచి పదిహేను రోజులకని వస్తాడు, రెండు రూట్ కెనాళ్ళు, ఒక క్యాపు చేయించుకుని పోతాడు. విమానం చార్జీలు అందులోనే కలిసొస్తాయంటాడు. ఆయన మాత్రం తాత్కాలికం కాదా? కాదు. మనం పోతే ఎన్నారై, వాళ్ళొస్తే లేబర్. (ఇంగ్లండులో 2022లో అయిదేళ్ళ పిల్లల నోళ్ళు తెరిపించి చూస్తే, ఆసియా మూలాలవాళ్ళకు, అంటే మనలాంటివాళ్ళకు, తెల్ల పిల్లలకంటే పుచ్చుపళ్ళు ఎక్కువని తేలింది. ఇలాంటివి లెక్కపెట్టడం ఏం మర్యాదో!)

అసలు తప్పంతా తల్లిది. అవగాహన లేదు. తను తట్ట మోస్తున్నంతసేపు పిల్లాడు ఏడవకుండా చేతిలో అయిదు రూపాయల బిస్కట్ పాకెట్ పెడుతుంది. పొద్దున టీలో ముంచి, మధ్యాహ్నం వట్టిది, సాయంత్రం మళ్ళీ టీలో. తీపి ఎంత తిన్నామన్నదే కాదు, రోజుకు ఎన్నిసార్లు తిన్నామన్నదీ పంటికి ముఖ్యమేనని ఆమెకు తెలియదు. పిల్లాణ్ణి ఎక్కడైనా వదలొచ్చు కదా అంటారేమో. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడకూలీలుంటే సైటులో పిల్లల గది పెట్టాలంది. మా పక్క సైటు మేస్త్రీ పుస్తకంలో ఆడకూలీలు ఏనాడూ 49 దాటలేదు. అంత చక్కటి క్రమశిక్షణ నేను మరెక్కడా చూడలేదు.

సర్కారూ ఊరికే కూర్చోలేదు. 2025 సెప్టెంబరులో టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5కు దించింది. అదే రోజు బిస్కట్ల మీదా అంతే దించింది. ఎవరికీ అన్యాయం జరగలేదు.

2013 నుంచి పిల్లల ఆరోగ్య పరీక్షలకని రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉండనే ఉంది. దాని వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి వచ్చి పిల్లల పళ్ళు కూడా చూడాలి. రిజిస్టర్లో పేరుంటే నోరు తెరిపిస్తారు. షెడ్డులో ఉన్న నోరు ఏడవడానికి దానంతటదే తెరుచుకుంటుంది, దాన్ని చూడమని ఎక్కడా రాసి లేదు. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది కదా, పోవచ్చు. ఒక రోజు కూలి పోతుంది, అంతేగా.

మొన్న ఆదివారం ఆ షెడ్ల పిల్లాడొకడు, ఆరేడేళ్ళవాడు, బూరెలా వాచిన చెంపతో మా గేటు దగ్గరికొచ్చాడు.

"ఏందిరా, ఏం గావాలె?" అన్నాడు వాచ్‌మన్.

"బింధుచి" అన్నాడు వాడు.

ఒడియాలో నొప్పి పెడుతోందని అర్థమట, తర్వాత తెలిసింది. మాకు బిందె అని వినబడింది. మేమేం దయలేనివాళ్ళం కాదు. వాచ్‌మన్ కూలర్ నుంచి బిందెడు చల్లటి నీళ్ళు పట్టి వాడి ముందు పెట్టాడు. వాడు దోసిలి పట్టి ఒక్క గుక్క తాగి, చెంప పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.