కుర్ర క్యాచర్‌ని పైకి ఎప్పుడు పంపాలి?

(టెక్సస్‌లోని ఫ్రిస్కో. మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు రేంజర్స్‌కి రెండు మెట్ల కింది డబుల్-ఎ జట్టయిన రఫ్‌రైడర్స్ ఆడే ఊరు. తెలుగువాళ్లు చాలామంది ఉండే ఊరు కూడా. మ్యాచ్‌కి ముందు గ్యాలరీలో బావాబావమరుదుల వాదన. బ్యాటింగ్ బాగున్న కుర్ర క్యాచర్‌ని, అంటే క్రికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక బంతి అందుకునేవాణ్ని, మేజర్ లీగ్‌కి త్వరగా పంపాలంటాడు బావమరిది. చేతులు పండేదాకా కిందే ఉంచాలంటాడు బావ.)

బావమరిది: క్యాచర్ కాల్ రాలీనే తీసుకోండి బావా. జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2018లో సియాటిల్ మారినర్స్ 90వ ఎంపికగా తీసుకుంది. 2019లో కింది జట్లు మోడెస్టో, ఆర్కాన్సా రెండు చోట్లా కలిపి 29 హోమ్ రన్లు కొట్టాడు. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే లేదు. 2021లో మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింది ట్రిపుల్-ఎ జట్టు టకోమాలో బ్యాటింగ్ సగటు .324, అంటే పదింట మూడుకి పైగా హిట్లు. ఇంకేం కావాలి? అయినా జూలై దాకా ఆపారు.

బావ: జూలైలో పైకి వెళ్లి ఏం చేశాడో అది కూడా చెప్పు. 47 మ్యాచుల్లో .180. మరుసటి ఏప్రిల్ చివరికి మళ్లీ టకోమాకే పంపారు. గడ్డిలో మగ్గబెట్టిన కాయకి రంగొస్తుంది గానీ చెట్టున పండిన రుచి రాదు.

బావమరిది: అక్కడ కొద్దిరోజులేగా ఉన్నాడు! ఇంకో క్యాచర్ భుజానికి దెబ్బ తగిలితే వెనక్కి పిలిచారు. అంతే తప్ప, టకోమాలో ఏదో పండిందని కాదు. అదే ఏడాది 27 హోమ్ రన్లు. సెప్టెంబర్ 30న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పించ్ హిట్టర్‌గా, అంటే ఇంకొకరి బదులు బ్యాటుతో దిగి కొట్టిన ఒక్క దెబ్బతో, 2001 తర్వాత సీజన్ చివరి ప్లేఆఫ్స్ మొహం చూడని సియాటిల్ లోపలికి అడుగుపెట్టింది. 2025లో 60 కొట్టాడు. క్యాచర్లలో అంతకుముందు రికార్డు సాల్వడోర్ పెరెజ్‌ది, 48. నీళ్లలో దిగకుండా ఈత వస్తుందా బావా? మేజర్ లీగ్ పిచ్చింగ్, అంటే అక్కడి బౌలింగ్, మేజర్ లీగ్‌లోనే ఉంటుంది.

బావ: నువ్వు చెప్పిందంతా బ్యాటు గురించే. నేనడిగేది ప్లేటు వెనక, అంటే బ్యాటర్ నిలబడే చోటు వెనక పని. బంతి ప్లేటుకి అడుగు ముందు మట్టిలో పడుతుంది, పరుగుకి ఒక్క మెట్టు దూరంలో మూడో బేస్‌లో రన్నర్ ఉన్నాడు. అప్పుడు కుర్రాడి మనసు బంతిని పట్టుకోమంటుంది. అక్కడే తప్పు. దాన్ని పట్టకూడదు, ఆపాలి. ముందు మిట్, అంటే క్యాచర్ గ్లవ్, రెండు మోకాళ్ల మధ్య నేలకి ఆనాలి, వెంటనే మోకాళ్లు దిగాలి. గడ్డం ఛాతీకి అదిమిపెట్టి, భుజాలు ముందుకి వంచి, ఛాతీని గుల్లగా చెయ్యాలి. ఊపిరి వదిలెయ్యాలి కూడా. ఒళ్లు బిగబట్టి కూర్చుంటే బంతి గోడకి కొట్టినట్టు పదడుగులు ఎగిరిపోతుంది. ఒళ్లు వదులైతే కాళ్ల దగ్గరే చచ్చి పడుతుంది. తల పక్కకి తిప్పాడో, మాస్క్ రక్షణ పోయి మెడ తగులుతుంది. ఇక వంపు తిరిగే కర్వ్ బాల్ నేల తాకాక స్పిన్‌ని బట్టి పక్కకి తన్నుకుపోతుంది కాబట్టి ఆ వైపుకి ఒక అర అడుగు ముందే జరిగి ఉండాలి. క్రికెట్‌లో కీపర్ వదిలితే బైలు. ఇక్కడ వదిలితే మ్యాచే పోవచ్చు.

బావమరిది: ఇదంతా సాధనే కదా! మెషిన్ పెట్టి రోజుకి వంద బంతులు నేలకేసి కొట్టినా వస్తుంది. దానికి నాలుగేళ్ల బస్సు ప్రయాణాలెందుకు?

బావ: మెషిన్ బంతి ఎటు వస్తుందో ముందే తెలుసు. చేతిమీద పట్టు దొరకని పందొమ్మిదేళ్ల పిచ్చర్ ఎటు వేస్తాడో ఆ పిచ్చర్‌కే తెలీదు. కింది మెట్టయిన లో-ఎ లో క్యాచర్ నేర్చుకునేది ఆ గందరగోళాన్నుంచే.

బావమరిది: సరే. మరి రన్నర్ రెండో బేస్ దొంగిలించబోతే వేసే త్రో సంగతి? అది పుట్టుకతో వచ్చే చెయ్యి.

బావ: సగమే. లెక్క చూడు. హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కి 127 అడుగులకి పైమాట. పిచ్చర్ కదలిక మొదలైన దగ్గర్నుంచి బంతి మిట్ చేరడానికి 1.3 సెకన్లు పట్టింది అనుకో. మిట్‌లో పడ్డ క్షణం నుంచి రెండో బేస్ దగ్గర ఫీల్డర్ అందుకునేదాకా మంచి క్యాచర్‌కి 1.9, మామూలు వాడికి 2.0. మామూలు వాడితో మొత్తం 3.3. చురుకైన రన్నర్‌కి అటూ ఇటుగా 3.4. తేడా పదోవంతు సెకను! పైగా 2023 నుంచి బేస్ 15 అంగుళాల నుంచి 18కి పెరిగింది, పిచ్చర్ రన్నర్‌ని బెదిరించడానికి ఒక్కో బ్యాటర్‌కి రెండుసార్లకి మించి ఊరికే ఆగడానికి లేదు. ఆ పదోవంతు చేతి బలంలో దొరకదు, బంతి మార్చుకోవడంలో దొరుకుతుంది. కుర్రాళ్లు బంతి కోసం కుడిచెయ్యి ముందుకి చాస్తారు. మిట్‌నే చెవి దగ్గరికి లాగాలి, చెయ్యి అక్కడ కాచుకుని ఉండాలి. మోచెయ్యి భుజం కంటే కిందికి దిగితే బంతి కుడికి తేలి, ఫీల్డర్‌ని బేస్ మీంచి లాగేస్తుంది.

బావమరిది: ఒప్పుకున్నాను. కానీ మీ లెక్కలో ఒకటి మారింది. అందుకున్న బంతిని కాస్త లోపలికి లాగి స్ట్రైక్‌లా (సరైన బంతిలా) చూపించే ఫ్రేమింగ్ విద్యకి ఇన్నాళ్లూ ఏళ్ల తరబడి తాలీము. 2026 నుంచి మేజర్ లీగ్‌లో అంపైర్ పిలుపుని యంత్రంతో సరిచూడమని అడగొచ్చు. ఆ విద్య విలువ కొంతైనా తగ్గదా?

బావ: తగ్గినచోటే కొత్త పని మొదలైంది. జట్టుకి రెండు అప్పీళ్లే. గెలిస్తే ఉంటుంది, ఓడితే పోతుంది. బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ తప్ప ఎవరూ అడగకూడదు. జట్టు కూర్చునే డగౌట్ వైపు చూడకుండా వెంటనే తలమీద తట్టాలి. స్ట్రైక్ అనిపించుకోవడానికి బంతి రావాల్సిన జోన్ పైగీత బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం, కింది గీత 27 శాతం. ఆరడుగుల వాడికి పైగీత 38 అంగుళాలకి కాస్త పైన. ఐదున్నర అడుగుల వాడొస్తే ఆ గీత మూడు అంగుళాలకి పైగా కిందికి దిగుతుంది. ఈ కొలత కళ్లకి అలవాటవ్వాలి. ట్రిపుల్-ఎ లో ఈ పద్ధతి ముందునుంచే ఉంది. మూడో ఇన్నింగ్స్‌లోనే రెండు అప్పీళ్లూ పోగొట్టుకునే కుర్రాడు ఆ పొరపాటు టకోమాలో చెయ్యాలా, సియాటిల్‌లో చెయ్యాలా?

బావమరిది: మరి ఆ కుర్రాడి కడుపు? 2023 ఒప్పందం ప్రకారం ఆ ఏడాది ట్రిపుల్-ఎ కనీస జీతం 35,800 డాలర్లు. పైన అప్పుడు కనీసం 7,20,000. 172 రోజులు పైన ఉంటే ఒక ఏడాది సర్వీసు, ఆరేళ్లకి ఇష్టమైన జట్టుకి వెళ్లగల ఫ్రీ ఏజెంట్. కొన్ని వారాలు కింద ఆపితే క్లబ్బుకి ఇంకో ఏడాది మిగులుతుంది. మీరు పండడం అంటారు, వాళ్లు లెక్కలు వేస్తారు.

బావ: లెక్క కోసం ఆపితే అది అన్యాయమే. దాన్ని నేను సమర్థించను.

బావమరిది: ఆడ్లీ రచ్‌మన్ సంగతి చూడండి. 2019లో మొదటి ఎంపిక. 2021 అంతా కింది జట్లు బోయీ, నార్ఫోక్‌లలో ఆడాడు. బాల్టిమోర్‌కి వచ్చింది 2022 మే 21న.

బావ: ఆ ఏడాది సీజన్‌కి ముందు క్యాంపులోనే చేతి వెనక కండరం పట్టేసింది, అది మర్చిపోకు. కొత్త నిబంధన వల్ల రూకీ (తొలి ఏడాది ఆటగాడి) అవార్డులో రెండో స్థానానికి పూర్తి ఏడాది సర్వీసూ వచ్చింది. 2021లో 52 గెలిచిన జట్టు 2022లో 83 గెలిచింది. అన్నీ అతని వల్లే అనను. కానీ వచ్చిన రోజునుంచే పిచ్చర్లు అతన్ని నమ్మారు. అది కింద నేర్చుకుని వచ్చిన పనే.

బావమరిది: క్యాచర్ బస్టర్ పోజీ 2008లో డ్రాఫ్ట్ అయ్యాడు, 2010లో రూకీ అవార్డు, వరల్డ్ సిరీస్ రెండూ. మీ లెక్కన అతను ఇంకా ట్రిపుల్-ఎ ఫ్రెస్నోలో ఉండాలి.

బావ: పోజీ లాంటివాడు ఎప్పుడో ఒక్కడు. బ్రైస్ హార్పర్‌ని చూడు. కాలేజీలో క్యాచర్, 2010లో మొదటి ఎంపిక. వాషింగ్టన్ వెంటనే అవుట్‌ఫీల్డ్‌కి మార్చింది. అందుకే 19 ఏళ్లకే పైకి రాగలిగాడు. క్యాచర్‌గానే ఉంచితే అంత త్వరగా తేలేమని వాళ్లకి తెలుసు.

బావమరిది: అయితే ఒక్కటి తేల్చండి. ఏది చూసి పంపుతారు?

బావ: పిచ్చర్ తడబడుతున్నప్పుడు అతను నిలబడే మట్టిదిబ్బ దగ్గరికి వెళ్లి ఏం చెప్తాడో చూసి. పైన మ్యాచ్‌కి నాలుగే విజిట్‌లు. పక్కకి జారాల్సిన బంతి, స్లైడర్, ఎందుకు జారకుండా వేలాడుతోందో, వేళ్లు పక్కకి జారుతున్నాయా, ముందుకాలు తొందరగా తెరుచుకుంటోందా, అది ఒక్క మాటలో చెప్పి వెనక్కి రాగలిగితే ఆ రాత్రే విమానం ఎక్కిస్తాను.

బావమరిది: ఏ పిచ్చర్ స్లైడర్ బావా? పైనున్న పిచ్చర్ల చేతులు కింద ఉండి ఎలా చదువుతాడు?

(గ్యాలరీ లేచి నిలబడింది. రఫ్‌రైడర్స్ క్యాచర్ మాస్క్ దించుకుని ప్లేటు వెనక కూర్చున్నాడు. మొదటి బంతే మట్టిలో పడింది. మిట్ ముందు దిగింది, మోకాళ్లు తర్వాత.)

బావ: చూశావా గడ్డం?

బావమరిది: చూశాను. బంతి కాళ్ల దగ్గరే ఉంది. అందుకే అంటున్నాను, ఇంకా ఇక్కడెందుకు?