పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఉంది, టీవీకే కనపడదు!

అమలాపురం నుంచి పాలకొల్లు దాకా ఏ పెళ్లింట చూసినా ఇదే గోల. స్టూడియోవాళ్లు 64 జీబీ పెన్‌డ్రైవ్ చేతిలో పెడతారు. పాత టీవీకి గుచ్చితే ఉలుకూ పలుకూ ఉండదు. అది పాడైపోలేదండీ! డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే పద్ధతి, అంటే ఫార్మాట్, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంది, ఆ టీవీకి ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ తప్ప అర్థం కాదు. పోనీ ఫ్యాట్32 చేద్దామా? 4 జీబీ దాటిన ఫైలు ఒక్కటీ ఎక్కదు, తలంబ్రాల ఫైలే 7 జీబీ! 32 జీబీ దాటిన డ్రైవ్‌కి విండోస్ ఫార్మాట్ విండో ఏళ్లతరబడి ఆ ఆప్షనే చూపించలేదాయె. ముందే మూడున్నర జీబీ ముక్కలు చేసిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

డీవీడీ అడిగిన తాతగారికైతే ఎంపీ4 వీడియో ఫైలుని డేటా డిస్కుగా, అంటే ఉత్త ఫైలులాగే, రైట్ చేసిచ్చారు. పాత ప్లేయర్‌కి డీవీడీ పద్ధతిలో వీడియో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్ కావాలి. అది ఉన్నా, చివర్లో రైటింగ్ ముగించి డిస్కుని మూసేయకపోతే, అంటే ఫైనలైజ్ చేయకపోతే, ‘నో డిస్క్’ అని మొండికేస్తుంది.