అసలు పోయినా కొసరు దక్కాలి

మా ఇంట్లో ప్రస్తుతం మూడు ఎయిర్ ఫ్రయర్లు ఉన్నాయి. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. మొదటిది వేపుళ్ల కోసం కొన్నాం. రివార్డు రావాలంటే ఆ మూడు నెలల్లో క్రెడిట్ కార్డు మీద పెట్టాల్సిన ఖర్చుకు నాలుగు వేల చిల్లర తక్కువైతే రెండోది కొన్నాం. రెండోదాని మీద వచ్చిన వోచరుకు గడువు తీరిపోతుంటే చూస్తూ ఊరుకోలేక మూడోది కొన్నాం. వేపుళ్లు ఇప్పటికీ బాండీలోనే చేసుకుంటున్నాం.

దాచుకోకుండా ఎందుకు చెబుతున్నానంటే, పాయింట్లు, క్యాష్‌బ్యాక్, ఊరికే విమానం టికెట్ తెచ్చిపెట్టే మైళ్లు పోగేసేవాళ్లను మన సమాజం ఇంకా ఖర్చుమనుషులుగానే చూస్తోంది. మేం సంపాదనపరులం. పెళ్లిచూపుల్లో అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పి ఊరుకుంటారు. ఏడు కార్డుల బిల్లింగ్ తేదీలు కంఠతా వచ్చని ఒక్కరూ చెప్పరు. తిథులు గుర్తుపెట్టుకుని తద్దినాలు పెట్టించే పురోహితుడికి దక్కే మర్యాదలో సగమైనా మాకు దక్కొద్దా?

నిజానికి ఇది మనకు కొత్త విద్య కాదు. కొసరు అనే మాట తెలుగులో ఎప్పటినుంచో ఉంది. మా అమ్మది తెనాలి. హైదరాబాదు వచ్చి పన్నెండేళ్లయినా రైతుబజారులో ఆమె పద్ధతి మారలేదు. అర కిలో వంకాయలు తూగాక, ముల్లు నిలబడేలోగా మరో కాయ తనే తీసి తక్కెట్లో వేస్తుంది. అమ్మే ఆవిడ "రోజూ గిట్లనే చేస్తవ్ పెద్దమ్మా" అంటుంది. అమ్మ "పోనీలే తల్లీ, రెండు కరివేపాకు రెబ్బలు కూడా వెయ్యి" అంటుంది. వేస్తుంది. అంతే.

ఎంత వెనకబడిన పద్ధతో గమనించండి. కొసరు అక్కడికక్కడే చేతికొచ్చేస్తుంది. ట్రాకింగ్ లేదు, పెండింగ్ లేదు. కరివేపాకు తీసుకున్నందుకు, పాయింట్లు వాడుకున్నప్పుడు వేసినట్టు, 99 రూపాయల రిడెంప్షన్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ లేవు. రాష్ట్ర ప్రభుత్వం 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు దళారులను తప్పించింది. దళారీ లేని చోట యాప్ ఎలా పుడుతుంది, యాప్ లేని చోట రివార్డు ఎలా పుడుతుంది? ఆ లోటును ఈ పాతికేళ్లలో మనం పూడ్చుకున్నాం.

మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు. గురువుగారంటాం. ఆన్‌లైన్‌లో ఏదైనా కొనాలంటే నేరుగా షాపింగ్ సైటుకు పోవడం ఆయన దృష్టిలో చెప్పులతో గుళ్లోకి పోవడంతో సమానం. ముందు క్యాష్‌బ్యాక్ సైటు తెరవాలి. అందులో లింకు నొక్కి దుకాణానికి వెళ్లాలి. దానికి ముందు బ్రౌజరు మడి కట్టుకోవాలి. పాత కుక్కీలు, అంటే చూసిన సైట్లు బ్రౌజరులో వదిలిన గుర్తులు, కడిగేయాలి, యాడ్ బ్లాకర్ విప్పి పక్కన పెట్టాలి. అంతకుముందే కార్టులో వేసి ఉంచిన వస్తువు మైల కాబట్టి దాన్ని తీసేసి మళ్లీ వేయాలి. మధ్యలో వేరే ట్యాబ్ తాకితే మడి పోతుంది. ఎక్కడో దొరికిన కూపన్ కోడు వాడారంటే దానికి ప్రాయశ్చిత్తం కూడా లేదు.

ఒకసారి చెప్పుల జత కోసం ఈ క్రతువంతా పూర్తిచేసి, ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. వెనకనుంచి మా ఆవిడ "ఏమండీ, అవే చెప్పులు ఇంకో యాప్‌లో రెండొందలు తక్కువండీ" అంది. నేను తల తిప్పలేదు. మడిలో ఉన్నవాణ్ని పలకరించకూడదని ఆమెకు తెలియదా? ఆ చెప్పుల మీద 62 రూపాయల క్యాష్‌బ్యాక్ 'ట్రాక్' అయింది. మూడు నెలలు 'పెండింగ్'లో కూర్చుంది. నాలుగో నెలలో 'రిజెక్టెడ్' అని వచ్చింది, కారణం రాయలేదు. అప్పటికి ఎడమ చెప్పు తెగింది కూడా.

ఈ తపస్సు వెనక అర్థం లేకపోలేదు. దుకాణం తనకు గిరాకీని పట్టుకొచ్చిన సైటుకు కమీషన్ ఇస్తుంది. అందులోంచి సైటు మనకింత విదిలిస్తుంది. సరుకు వెనక్కిచ్చే గడువు దాటి, దుకాణం లెక్కలు తేల్చి డబ్బు పంపేదాకా మన వాటా గాల్లోనే. పెళ్లిళ్ల పేరయ్యకు ముట్టే సొమ్ములో పెళ్లికొడుకు వాటా అడిగితే పేరయ్య ఏం చేస్తాడో, సైటు కూడా అదే చేస్తుంది. తర్వాత చూద్దాం అంటుంది.

కార్డు పాయింట్ల పుట్టుక ఇంకా పవిత్రమైనది. అవి బ్యాంకు జేబులోంచి వస్తాయనుకునే అమాయకులు ఉన్నారు. మనం క్రెడిట్ కార్డు గీకినప్పుడల్లా దుకాణదారు వందకు రూపాయిన్నరో రెండో ఎండీఆర్ (కార్డు చెల్లింపు మీద దుకాణదారు కట్టే రుసుము) కింద సమర్పించుకుంటాడు. అందులో పెద్ద ముక్క కార్డిచ్చిన బ్యాంకుకు పోతుంది. ఆ ముక్కలోంచి రాలిన పొడి మనకు పాయింట్లు. దుకాణదారేమీ ధర్మసత్రం నడపడం లేదు కదా, ఆ రెండు రూపాయలు సరుకు ధరలోనే కలుపుకుంటాడు. ఆ ధర నోట్లిచ్చి కొనే మా అమ్మకూ అదే, కార్డు గీకే నాకూ అదే. అంటే వీధి చివరి సూపర్ మార్కెట్లో అమ్మ కందిపప్పు కొన్నప్పుడల్లా నా విమాన ప్రయాణానికి ఇంత చందా వేస్తోందన్నమాట. అమెరికాలో బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో ఇదే లెక్క కట్టారు. సగటున నగదు వాడే కుటుంబం ఏడాదికి 149 డాలర్లు వదులుకుంటుంటే, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు ముడుతున్నాయని తేల్చారు. వాళ్లు దాన్ని అన్యాయం కింద చూశారు. తల్లి సొమ్ము కొడుక్కి చేరడం అన్యాయమెలా అవుతుందో మన దేశంలో ఎవరికీ అర్థం కాదు.

యూపీఐకి 2020 జనవరి నుంచి ఎండీఆర్ సున్నా. పంచుకోవడానికి పొడి కూడా లేదు కాబట్టే అక్కడ స్క్రాచ్ కార్డు గీకితే ఎక్కువగా 'బెటర్ లక్ నెక్స్ట్ టైమ్' వస్తుంది. అంతకుముందు, 2019 దీపావళి రోజులు వేరు. గూగుల్ పేలో దీపం, లాంతరు, జుంకీ, పువ్వు, రంగోలీ అని ఐదు స్టాంపులు పెట్టారు. ఐదూ కూడితే 251 రూపాయలు. నాలుగు దొరికేవి, రంగోలీ మాత్రం దొరికేది కాదు. తెల్లారి లేచి వాకిట్లో చుక్కల ముగ్గు పెట్టే ఇల్లాళ్లు ఫోన్లో ముగ్గు కోసం ఆడపడుచులకు ఫోన్లు చేశారు. స్థలం తగాదాలో మాటలు మానేసిన తోడికోడళ్లు "అక్కా, నీ దగ్గర రంగోలీ ఉందా" అంటూ కలిసిపోయారు. 251 రూపాయలకు ఇంత కుటుంబ ఐక్యత ఏ సంక్షేమ పథకమూ తేలేదు.

కొందరు గిట్టనివాళ్లు వడ్డీ సంగతి ఎత్తుతారు. ఎత్తనివ్వండి. 40,000 బిల్లు కట్టడం ఒక నెల మరిచిపోయామనుకుందాం. నెలకు 3.75 శాతం చొప్పున 1,500 వడ్డీ, దాని మీద జీఎస్టీ 270, లేటు ఫీజు వేరే. పైగా వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, కొన్న రోజు నుంచే లెక్కేస్తారు. అదే 40,000 మీద ఒక శాతం క్యాష్‌బ్యాక్ 400. అసలు కన్నా వడ్డీ ముద్దు అనే సామెత మనవలను చూసి పుట్టిందంటారు. నాకైతే బ్యాంకు మేనేజర్లను చూసి పుట్టిందేమో అనిపిస్తుంది. అయినా ఆ నాలుగొందలు మాత్రం మనకు వచ్చినట్టే కదా!

ఈ రంగంలో మహానుభావులు లేకపోలేదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981లో మైళ్ల పథకం మొదలుపెట్టిన నాడు దీన్ని వ్యాపారమనుకున్నారు. 1999లో కాలిఫోర్నియా సివిల్ ఇంజనీరు డేవిడ్ ఫిలిప్స్ దీన్ని కళగా మార్చాడు. ఒక ఫుడ్ కంపెనీ ప్యాకెట్ల లేబుళ్లు పంపితే మైళ్లిస్తామంది. ఆయన దుకాణాలన్నీ తిరిగి 12,150 పుడింగ్ కప్పులు కొన్నాడు. అన్నీ తినలేక దానం చేసేశాడు, దానం పుచ్చుకున్నవాళ్ల చేతే లేబుళ్లు ఊడదీయించాడు. ఖర్చు మూడు వేల డాలర్ల పైచిలుకు, వచ్చినవి పన్నెండు లక్షలకు పైగా మైళ్లు. దానం చేసినందుకు పన్ను మినహాయింపు అదనం. మా గురువుగారు ఈ కథ చెప్పేటప్పుడు లేచి నిలబడతాడు.

గురువుగారి పర్సులో జెట్ ఎయిర్‌వేస్ కార్డు ఇప్పటికీ ఉంది, తాతగారి ఫొటో పక్కన. 2019 ఏప్రిల్‌లో ఆ విమానాలు ఆగిపోయాయి, పాయింట్లు మాత్రం పేరు మార్చుకుని ఇంటర్‌మైల్స్‌గా బతికాయి. దేహం పోయినా ఆత్మ ఉంటుందనడానికి ఆయన ఇదే రుజువు చూపిస్తాడు.

ఇక నా సొంత ఘనకార్యానికి వస్తాను. విశాఖలో చిన్నాన్న కూతురి పెళ్లి. మామూలుగా అయితే గోదావరి ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి దిగేవాళ్లం. కానీ నా దగ్గర పాయింట్లున్నాయి. నా కార్డులో వందకు రెండు పాయింట్లు, పాయింటు విలువ పావలా. అంటే వందకు అర్ధ రూపాయి. 4,500 రూపాయల టికెట్ ఊరికే రావాలంటే తొమ్మిది లక్షలు ఖర్చుపెడితే చాలు. మూడేళ్లలో పెట్టాను. మూడు ఎయిర్ ఫ్రయర్లు, గోడకు తగిలించని రెండు గడియారాలు ఆ యజ్ఞంలో సమిధలే. అలా ఒక టికెట్ ఊరికే వచ్చింది. దాన్ని వృథా చేయలేక మిగతా రెండూ డబ్బుపెట్టి కొన్నాం. శంషాబాద్‌కు క్యాబ్ వేరే.

"ఎయిర్‌పోర్టు లాంజ్‌లో భోంచేద్దాం అమ్మా, మన కార్డుకు రెండు రూపాయలే" అని ముందురోజే చెప్పాను. అమ్మ "రెండు రూపాయలకు భోజనమేంట్రా, అన్నదానమా?" అంది. నమ్మలేదని అప్పుడే అర్థమైంది, ఎందుకంటే పొద్దున స్టీలు క్యారియర్ ఒకటి సంచిలో కనిపించింది.

లాంజ్ వాకిట్లో ఉన్న అమ్మాయి కార్డు గీకింది. మళ్లీ గీకింది. "సారీ సర్, లాస్ట్ క్వార్టర్‌లో మీ స్పెండ్స్ సరిపోలేదు" అంది. 35,000 కావాలి. నాది 34,688. ఎలా తగ్గిందా అని అక్కడే నిలబడి యాప్ తెరిచి చూశాను. మా ఆవిడ "పని చేయట్లేదు" అని వెనక్కిచ్చేసిన చపాతీ మేకర్. వస్తువు పనిచేయకపోతే వెనక్కివ్వడం ఆమె పుట్టింటి అలవాటు. గాజు తలుపు అవతల ఎవరో ఇడ్లీ మీద సాంబారు పోసుకుంటున్నారు. నా వెనక లైను పెరిగింది.

గేటు దగ్గర కుర్చీల్లో కూర్చున్నాం. రెండు కాఫీలకు అయిదొందలు దాటింది. దాని మీద పది పాయింట్లు వచ్చాయి. అమ్మ క్యారియర్ విప్పింది. పులిహోర, పై గిన్నెలో అప్పడాలు, అడుగున మిరపకాయ బజ్జీలు. కాగితం పళ్లేల్లో మాకిద్దరికీ పెట్టి, పక్క కుర్చీలో ల్యాప్‌టాప్‌తో కూర్చున్న కుర్రాడికీ పెట్టింది. వాడు వద్దంటూనే తీసుకున్నాడు. నాకు చాలని రెండుసార్లు చెప్పాను. "ఆ మాత్రం తినలేవా" అంటూ కొసరి మరో రెండు ముద్దలు వేసింది, వేరుశనగలన్నీ నా వైపే వచ్చేలా.

అప్పుడే ఫోన్ మోగింది. నా 412 పాయింట్లు 30వ తేదీతో మురిగిపోతాయట. కుడిచేతి నిండా పులిహోర. ఎడమచేత్తో చపాతీ మేకర్ వెతికాను, కార్టులో వేయబోయి ఆగాను. ముందు కుక్కీలు కడిగాను.